భుజం మీద నాలుగు వేళ్లు

ఆదోని,
నవంబర్ 14

ప్రభువునందు మిక్కిలి ప్రియమైన కృపమ్మక్కకు,

తమ్ముడు జయన్న వందనాలతో రాయునది. దేవుని కృప వల్ల ఇక్కడ అందరం క్షేమం. నీవు కూడా క్షేమమని తలుస్తాను. పత్తి సీజను కావడంతో మిల్లులో కాటా దగ్గర నుంచి లేవడానికి తీరిక లేదు. నీ మరదలు నీకు వందనాలు చెప్పమంది.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నాడా అనుకుంటావు. ఈ మధ్య ఫోన్లో అన్న మాట అన్నచోట ఉండడం లేదు. మన సంఘం వాట్సాప్ గ్రూపులో జరిగింది నువ్వూ చూశావు కదా. అందుకే కాగితం. చదివి చించెయ్యి.

విషయం శోభ గురించి. భర్త భీమన్న పోయినప్పటి నుంచి ఆమె మన వీధిలోనే జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతోందనీ, పన్నెండేళ్లుగా మన సండేస్కూలు పిల్లలకు పాఠాలు చెబుతోందనీ నీకు చెప్పనక్కరలేదు. అలాంటి మనిషి మంత్రాలయంలో మఠం బయట పూజపళ్లెం పట్టుకుని, నెత్తిన అక్షింతలతో నిలబడి ఉన్న ఫోటో ఎవరో పాస్టరు అయ్యగారికి పంపారు. ఆయన మనసు భారంతో దాన్ని గ్రూపులో పెట్టారు. కమిటీ ఆమెను పిలిచి అడిగింది. "పక్కింటి హులిగమ్మవ్వకు కండ్లు సరిగా కనబడవు, మొక్కు తీర్చుకోవాలంటే చెయ్యి పట్టుకోని తోడు పోయినా. మొక్కింది నేను కాదు" అంది. ఫోటోలో ఏ అవ్వా లేదు. ఇక ఏం నమ్మాలి?

రొట్టె తీసుకునే ప్రభువు బల్లకు రాకూడదనీ, పిల్లలకు పాఠం చెప్పకూడదనీ, సంఘంలో ఎవరూ ఆమె దగ్గర బట్టలు కుట్టించుకోకూడదనీ తీర్మానం అయింది. మన అమ్మ మొదలుపెట్టిన పిడికెడు బియ్యం సంచులున్నాయి కదా, ఆడవాళ్లు ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు తీసి వేసి ఆదివారం తెచ్చి మన ప్రార్థన గుడి గోడకు తగిలించేవి, ఆ వరుసలో ఆమె సంచి కూడా తీసేయాలన్నారు. సెక్రటరీని కాబట్టి తీర్మానం నేనే రాశాను. సంచి కూడా నేనే తీశాను. ఆ మేకు పైన ఉన్న పేరు మీద సున్నం వేయించాను. బాధగానే ఉంది, కానీ సంఘం పరిశుద్ధత ముఖ్యం.

ఆమె ఎమ్మిగనూరు చేరిందని తెలిసింది. శనివారం మీ ఇంట్లో జరిగే స్త్రీల ప్రార్థనకు ఆమెను రానివ్వద్దు. ఆమెతో కలిసి భోంచేయవద్దు. మన ఇంటిపేరు చెడకూడదని చెబుతున్నాను.

ప్రభువు సేవలో నీ తమ్ముడు,
జయన్న


ఎమ్మిగనూరు,
నవంబర్ 22

ఒరే జయన్నా,

నీ ఉత్తరం అందింది. ముప్పావు వంతు ప్రభువే ఉన్నాడు, నువ్వు చివర్లో ఎక్కడో కనబడ్డావు. చించెయ్యమన్నావు కదా, చించలేదు. బియ్యం డబ్బా కింద పెట్టాను.

శోభను రానివ్వద్దని చెప్పడానికి ఆలస్యం చేశావు. ఆమె వచ్చి పదిరోజులైంది. నా ముందరి గదిలోనే మిషను పెట్టుకుంది. నేను మగ్గాలవాళ్లకు కండెలు చుడుతుంటాను, ఆమె పక్కన కుడుతుంటుంది. వచ్చిన రోజు గుమ్మం బయటే నిలబడి, "కృపక్కా, నన్ను ఇంట్లో పెట్టుకుంటే నీకూ మాటొస్తాది" అంది. "వయసులో ఉన్నప్పుడే రాని మాట అరవై దాటినంక వస్తాదా, రా లోపలికి" అన్నాను. నవ్వింది పాపం. ఆ తర్వాత నాలుగురోజులు నవ్వలేదు.

ఇప్పుడు నా సంగతి చెబుతాను విను. ఆ ఫోటో కింద చేతులు జోడించి ఆమేన్ అని పెట్టినవాళ్లలో నేనూ ఉన్నానురా. కళ్లజోడు పెట్టుకోలేదు, పొయ్యి మీద పప్పు అడుగంటుతోంది, అందరూ పెడుతున్నారు కదా అని నేనూ పెట్టాను. ఏం చూశానో కూడా నాకు తెలియదు. మొదటిరోజు ఆమెకు అన్నం వడ్డిస్తుంటే అది గుర్తొచ్చి గరిటె చేతిలోనే ఆగిపోయింది. అప్పటికి ఆమెను గ్రూపులోంచి తీసెయ్యలేదు. నేను పెట్టిన ఆమేన్ చదివే ఉంటుంది. చదివి కూడా నా గుమ్మానికే వచ్చింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్లీ మళ్లీ పచ్చడి వేశాను. "సాలక్కా, ఆకు నిండిపాయె" అంది.

మొన్న కళ్లజోడు పెట్టుకుని ఆ ఫోటో తీరిగ్గా చూశాను. శోభ ఎడమ భుజం మీద నాలుగు వేళ్లు ఉన్నాయి. ముడతలు పడిన వేళ్లు, ఒకదానికి రాగి ఉంగరం. ఫోటో అంచు అక్కడితో ఆగిపోయింది. ఆ వేళ్ల మనిషి ఏమైంది? నువ్వు సెక్రటరీవి కదా, ఆ ఫోటో ఎవరు తీశారో, ఎవరు కత్తిరించారో కనుక్కుని రాయి. కమిటీలో ఇంతమంది ఉన్నారు, ఒక్కరికీ ఆ వేళ్లు కనబడలేదా?

మీ అక్క,
కృపమ్మ


ఆదోని,
డిసెంబర్ 27

అక్కకు వందనాలు.

క్రిస్మస్ బాగా జరిగింది. పిల్లల నాటకం మాత్రం సరిగా కుదరలేదు. నేర్పించేవాళ్లు లేక గొర్రెల కాపరులు, జ్ఞానులు ఒకేసారి వచ్చి ఒకరినొకరు తోసుకున్నారు. బట్టలు కూడా పోయిన ఏడాదివే, పొట్టివైపోయాయి. నీ మరదలు కొత్త చీర మీదికి పాత జాకెట్టే వేసుకుంది. వేరే టైలర్ దగ్గర కుదరదట.

నువ్వు అడిగినదానికి జవాబు రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. వేళ్ల సంగతి నేను గమనించలేదు. ఎవరిదో జనంలో తగిలిన చెయ్యి అయి ఉంటుంది. నిర్ణయం కమిటీది, నా ఒక్కడిది కాదు. ఇప్పుడు తవ్వితే సంఘం రెండుగా చీలుతుంది. నువ్వు పెద్దదానివి, ఆలోచించు.

శోభ ఎలా ఉంది? అక్కడ ఏమైనా మాట్లాడుతోందా? కమిటీ గురించి ఏమంటోంది? నా గురించి ఏమైనా అందా? ఊరికే అడుగుతున్నాను. అంటే మాత్రం రాయి.

నీ తమ్ముడు,
జయన్న


ఎమ్మిగనూరు,
జనవరి 30

జయన్నా,

ఇన్నాళ్లూ కలం పట్టబుద్ధి కాలేదు.

పోయిన గురువారం హులిగమ్మవ్వ వచ్చింది. మనవరాలిని వెంటబెట్టుకుని, ఆదోని నుంచి బస్సెక్కి, శోభను చూడటానికే వచ్చింది. తన వల్లే శోభ ఇల్లు వదిలిందని ఎవరో చెప్పారట. కూర్చోగానే చెయ్యి చాచి శోభను తడుముకుంది. భుజం మీద చెయ్యి వేసింది. రాగి ఉంగరం చూశాను జయన్నా. ఆ నాలుగు వేళ్లే.

కాఫీ తాగుతూ నన్ను అడిగింది కదా, "మీ జయన్న బాగుండాడామ్మా? ఆ పొద్దు మఠంలో నాకు రెండాకుల అవతల కూసోని బోంచేస్తాండె. కండ్లు కనబడకుంటే ఏమాయె, గొంతు నాకు తెలీదా? పాయసం ఇంగొంచెం ఎయ్యప్పా అని రెండుసార్లు అడిగె. మిల్లు సావుకారు రంగనాథం గూడా పక్కనే ఉండె" అని.

నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. శోభ మిషను మీద తల వంచుకుని దారం ఎక్కిస్తోంది. సూది కన్నంలో దారం ఎంతకీ దూరలేదు.

అవ్వ వెళ్లాక అడిగాను, ఇన్ని నెలలు నాకెందుకు చెప్పలేదని, కమిటీలో ఎందుకు నోరు విప్పలేదని. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"ఆయప్ప సావుకారితో వచ్చినాడక్కా. తిననంటే కొలువుకు ఇబ్బంది గదా, అది నాకు తెలీదా? కమిటీలో నా ఎదురుగానే కూసోని రాసుకుంటాండె. తనే లేసి సెప్తాడులే అనుకుంటి. ఒక ఆదివారం సూస్తి. మళ్లా ఆదివారం సూస్తి. మా ఆయన సచ్చిపోయిన పొద్దు పెట్టెకు భుజమిచ్చినోడక్కా. ఆయప్ప పేరు నేనెట్ల సెప్పేది?"

ఆమె ఫోటో గురించి ఒక్కమాట అనలేదు. కానీ నేను మూర్ఖురాలిని కాదు. ఆ పొద్దు అక్కడ ఆమెను, అవ్వను కలిపి చూసిన మన సంఘం మనిషి ఒక్కడే. జయన్నా, నీకు అన్నం ముద్ద కలిపి పెట్టిన చేత్తో అడుగుతున్నాను. ఆ ఫోటో తీసింది ఎవరు?

కృపమ్మ


ఆదోని,
ఫిబ్రవరి 18

అక్కా,

నేనే.

ఈ ఒక్క మాట రాయడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. మిగతాది కూడా రాస్తాను, మధ్యలో ఆపితే మళ్లీ రాయలేను.

సావుకారు కుటుంబంతో మంత్రాలయం పోతూ కారులో చోటుంది రా అన్నాడు. వద్దనలేకపోయాను. భోజనానికి కూర్చోబెట్టాడు. విగ్రహాలకు పెట్టింది ముట్టకూడదని పోయిన ఏడాది ఉపవాస కూటంలో గంటసేపు మాట్లాడింది నేనే. అయినా కూర్చున్నాను. పాయసం సంగతి అవ్వ చెప్పింది నిజమే. బాగుంది, అడిగాను. చెయ్యి కడుక్కుని బయటికి వస్తే ఎదురుగా శోభ. చేతిలో అవ్వ పళ్లెం. అవ్వ దీవించి ఆమె నెత్తిన అక్షింతలు చల్లింది. నా నెత్తి మీద కూడా ఉన్నాయక్కా, సావుకారు భార్య చల్లినవి. శోభ నన్ను చూసి ఎప్పటిలాగే "వందనాలన్నా" అంది.

అంతే. ఆ వందనాలకి నా గుండె జారిపోయింది. ఇక ఆదివారం ఈమె నోట్లో నా పేరు ఉంటుంది అనుకున్నాను. ఆమె పక్కకు తిరగగానే ఫోన్ తీశాను. కారులో ముందు సీట్లో కూర్చుని అవ్వను కత్తిరించాను. వేళ్లు మాత్రం మిగిలిపోయాయి. నాకు కనబడ్డాయి, అబద్ధం చెప్పాను. ఇంకా కత్తిరిస్తే శోభ చెవి పోతుంది, అందుకే వదిలేశాను. ఎవరో నాకు పంపారని చెప్పి అయ్యగారికి పంపాను. ముందు నేను చెబితే తర్వాత ఆమె చెప్పేది ఎవరూ నమ్మరని నా లెక్క. నా లెక్క తప్పలేదు. కమిటీలో ఆమె అవ్వ పేరు చెప్పినప్పుడు, "ఫోటోలో అవ్వ ఏదీ" అని అడిగింది కూడా నేనే.

నిన్న అయ్యగారి దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని, "పెద్దల తప్పు బయటపడితే చిన్నవాళ్లు తొట్రిల్లుతారు. ఇది మన ఇద్దరి మధ్యే ఉండనీ. ఆ సహోదరి క్షమాపణ రాసి సంతకం పెడితే తిరిగి చేర్చుకుందాం" అన్నారు. అది కూడా మంచిదే అనిపించింది. కాగితం నేనే తయారుచేసి దీనితో పంపుతున్నాను. తెలియక పోయాను, మన్నించండి అని మాత్రమే ఉంది. శోభతో సంతకం పెట్టించు. ఈస్టరుకల్లా ఆమె బల్లకు రావచ్చు.

నీ మొహం ఎలా చూడాలో తెలియని తమ్ముడు,
జయన్న


ఎమ్మిగనూరు,
ఫిబ్రవరి 27

జయన్నా,

నీ మొదటి మాట చదివి ఏడ్చాను. చివరి పేరా చదివి కళ్లు తుడుచుకున్నాను. నీ కోసం ఏడవడం అంత తొందరగా అవసరం లేదని తెలిసింది.

తప్పు చేసినవాడు కాగితం రాయడం, చెయ్యనిది సంతకం పెట్టడం! సిగ్గుపడి రాశావనుకున్నాను. సిగ్గుపడుతూనే మళ్లీ కత్తెర పట్టావు.

ఆ కాగితం శోభకిచ్చాను, దాచే హక్కు నాకు లేదని. రెండుసార్లు చదివింది. "అచ్చరాలు బాగుండాయి. జయన్నప్ప రాతే" అంది. కాగితం గట్టిగా ఉందని దాని మీద జాకెట్టు చేతి కొలత గీసి కత్తిరించుకుంది. ఇప్పుడు నీ క్షమాపణ మా వీధిలో నలుగురి చేతులకు సరిపోతోంది.

నేను మొన్న శనివారం ప్రార్థనలో, ఆడవాళ్లందరి ముందు, ఆ ఆమేన్ పెట్టింది నేనని చెప్పి శోభను క్షమించమని అడిగాను. చచ్చిపోలేదు. నువ్వు కూడా చావవు. మార్చి మొదటి ఆదివారం బల్ల ఉంది కదా. లేచి నిలబడు.

కృపమ్మ


ఆదోని,
మార్చి 5

అక్కా,

నిలబడ్డాను.

రొట్టె పంచకముందు, మనస్సు పరీక్షించుకోండి అని అయ్యగారు అన్నప్పుడు లేచాను. ఆయన కూర్చోమని సైగ చేశారు. కూర్చోలేదు. మనుషులకు భయపడి తినకూడనిది తిన్నాననీ, నా తప్పు దాచుకోవడానికి ఒక సహోదరికి అన్యాయం చేశాననీ చెప్పాను. నీ మరదలు ఆడవాళ్ల వరుసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏమవుతుందో అని నిలబడ్డాను. ఏమైందో తెలుసా అక్కా? అయ్యగారు వచ్చి నన్ను కౌగలించుకున్నారు. "ఎంత తగ్గింపు గల మనసో చూడండి" అన్నారు. నా తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. అందరూ ఆమేన్ అన్నారు. బల్ల అయ్యాక వరుసగా వచ్చి చేతులు కలిపారు. ఒకాయన, "మిల్లు కొలువు అట్లాంటిది, ఎవరైనా తింటారులే అన్నా" అన్నాడు. ముందరి కంటే ఎక్కువ గౌరవంగా చూస్తున్నారు. ఈస్టరు ఏర్పాట్లు నాకే అప్పజెప్పారు.

తోడు పోయినందుకు శోభకు ఇన్ని నెలలు. కూర్చుని తిని, ఆమె మీదికి నెట్టినందుకు నాకు ఒక్క ప్రార్థన. రొట్టె పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడు పక్కవాడికి అందించేశాను. నాకు మింగుడుపడదు.

ఈ సంగతి శోభకు చెప్పు. చెప్పాక ఏమందో రాయి.

జయన్న


ఎమ్మిగనూరు,
మార్చి 12

జయన్నా,

చెప్పాను. కుట్టు ఆపి మొత్తం విన్నది. నీ మీద కోపం లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. అది ఇంకా కష్టంగా ఉంది నాకు.

ఒకే ఒక్క మాట అడిగింది.

"నా పేరు ఎత్తినాడా అక్కా?"

నాకు తెలియదన్నాను. నువ్వే రాయి.

కృపమ్మ


ఆదోని,
మార్చి 26

అక్కా,

ఎత్తలేదు.

ఒక సహోదరి అన్నాను. అయ్యగారి ప్రార్థనలో కూడా ఆమె పేరు లేదు. చేతులు కలిపిన అంతమందిలో ఎవరూ ఆ సహోదరి ఎవరని అడగలేదు. అందరికీ తెలుసు, అందుకే అడగలేదు. ఆ పేరు నా నోటిదాకా వచ్చి తప్పించుకుంది. ఫోటోలో అవ్వను కత్తిరించాను, గుడిలో శోభను కత్తిరించాను. నీ ఉత్తరం చదివేదాకా అది నాకు తట్టలేదంటే నమ్ముతావా? నాలుగు రోజులు అన్నం సహించలేదు.

నిన్న ఆదివారం పాటకు ముందే లేచాను. భీమన్న భార్య శోభ అన్నాను. హులిగమ్మవ్వ అన్నాను. ఫోటో తీసింది నేను, కత్తిరించింది నేను, అవ్వ ఏదీ అని అడిగింది నేను అన్నాను. తీర్మానం కొట్టివేయాలనీ, ఆమేన్ అన్నవాళ్లందరం ఎమ్మిగనూరు పోయి ఆమెను పిలుచుకుని రావాలనీ అన్నాను.

ఈసారి ఎవరూ కౌగలించుకోలేదు. "ఒకసారి క్షమిస్తిమి గదన్నా, మళ్లా ఎందుకు తవ్వుతావు?" అని వెనక నుంచి ఒకరు అన్నారు. "మేమంతా దోషులమని సెప్తాండావా?" అని ఇంకొకరు. అయ్యగారు పాట ఎత్తుకున్నారు. ఆ పాట మధ్యలో నీ మరదలు లేచి, గోడ దగ్గరికి పోయి, మన సంచి తీసి సున్నం వేసిన పేరు కింద ఉన్న మేకుకు తగిలించి వచ్చి కూర్చుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమెను చూసి సిగ్గుపడడం ఇదే మొదలు.

మధ్యాహ్నానికి నన్ను గ్రూపులోంచి తీసేశారు. సెక్రటరీ పుస్తకం తీసుకుపోవడానికి మనిషిని పంపారు. మా ఇంటికి ఎవరూ రావద్దని చెప్పుకున్నారట. సావుకారుకు ఎలా తెలిసిందో, ఈ పొద్దు కాటా దగ్గరికి వచ్చి, "తిననంటే నేనేమన్నా అంటానా జయన్నా? ఒక మాట సెప్పాల్సింది గదప్పా" అన్నాడు. ఏ భయంతో ఇదంతా చేశానో ఆ భయం కూడా ఉత్తదే.

ఒకటి నీకు చెప్పలేదు. శోభ సంచి నా బీరువాలోనే ఉంది. తీసిన రోజు ఆమె తెచ్చిన బియ్యం అందులో అలాగే ఉండిపోయింది. నిన్న తెరిచి చూస్తే పురుగు పట్టింది. కోళ్లకు చల్లి, సంచి ఉతికి ఆరేశాను. నీలం దారంతో ఆమె కుట్టుకున్న పేరు పోలేదు.

వచ్చే ఆదివారం ఆ సంచి తీసుకుని ఎమ్మిగనూరు వస్తున్నాను. ఆమె పిడికెడు బియ్యం వేసిస్తే తెచ్చి ఆ మేకుకే తగిలిస్తాను, ఎవరు తీసేసినా మళ్లీ తగిలిస్తాను. వెయ్యనంటే ఖాళీ సంచి ఆమె చేతికిచ్చి వెళ్లిపోతాను. క్షమించమని అడగడానికి కూడా ఆమె కూర్చోమన్నాకే అడుగుతాను.

ఆమె నన్ను గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడితే, నువ్వు లోపలికి రమ్మని పిలవొద్దు అక్కా.

జయన్న